పాత బడికి బోర్డు కట్టిన రోజు

పరువు పోగొట్టుకోవడానికి మనిషికి మామూలుగా ఇంకో నలుగురి సాయం కావాలి. నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ఊరి జనాన్ని నేనే పిలిచి, మైకు నేనే పెట్టించి, ఉన్న పరువంతా ఒక్క పూటలో కాలవలో కలిపేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు, అలవాటైపోయింది.

డెబ్బైల్లో మాట. నాకు ఇరవైమూడేళ్ళు. పటమటలో ఒక బళ్ళో టెంపరరీ మాస్టారుగా చేరి నాలుగు నెలలైంది. మా నాన్నది రైల్వే ఉద్యోగం. నా ఐదో ఏట మా వాళ్ళు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఉద్యోగం వచ్చాక నేనొక్కణ్ణే తిరిగొచ్చి మా నాయనమ్మ దగ్గర ఉంటున్నాను.

ఆ ఏడు వార్షికోత్సవానికి మా హెడ్మాస్టరు దైవసహాయం గారికి ఒక ఆలోచన వచ్చింది. మా బడి ఇప్పుడున్న మేడలోకి రాకముందు ఎక్కడో పాకల్లో, పెంకుటిళ్ళలో నడిచేది. ఆ పాత బడి ఏదో కనుక్కుని దాని గోడకి ఒక బోర్డు కట్టాలి. అక్కడ మొదట పాఠం చెప్పిన పున్నయ్య మాస్టారి చేత దాన్ని ఆవిష్కరింపజెయ్యాలి. ఆయనకి ఎనభై దాటాయి, పామర్రులో కూతురి దగ్గర ఉంటున్నారు.

"మీరు ఈ ఊళ్ళో పుట్టినవారు కదండీ, ఆ పాత బడి ఏదో మీరే తేల్చండి" అన్నారు దైవసహాయం గారు. "ఇది సవ్యంగా జరిగిందంటే మీ పర్మనెంటు సంగతి పైవాళ్ళతో నేను మాట్లాడతాను."

ఆ పున్నయ్య మాస్టారికే ఒక కార్డుముక్క రాసి అడగొచ్చు కదా అంటారా? ఆ తెలివి మీకుంది. నాకు లేదు.

ముందు సోడా కొట్టు రంగయ్యని అడిగాను. "బడా? అదుగోండి, ఆ వడ్ల గోడౌనే" అన్నాడు.

పక్కనే బట్టలు ఇస్త్రీ చేస్తున్న సుబ్బారావు పెట్టె పక్కన పెట్టేశాడు. "గోడౌనేంటండీ? చర్చి వెనకాల వరండా. నేను తన్నులు తిన్నది అక్కడే, వీపు మరిచిపోతుందా?"

సోడా తాగుతున్న పెద్దాయన ఇద్దర్నీ కొట్టిపారేశారు. "వరండా కాదు, గాడిదగుడ్డు కాదు. మా మావయ్య గారి గొడ్ల సావిడి. నేను ఎక్కాలు నేర్చుకున్నది అక్కడే."

అరగంటలో మూడు బళ్ళు పుట్టాయి. ఇంకో రెండు వీధులు తిరిగేసరికి ఐదయ్యాయి. చేతిలో బోర్డు ఒక్కటే. ఎవరి మాట నమ్మాలో తెలియక, బుర్ర మజ్జిగలా చిలకబడి, కాలవగట్టు మీద నడుస్తున్నాను. అప్పుడు కనబడింది, కట్టెల అడితి. పొడుగాటి పెంకుల షెడ్డు, చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప గేటు. నా కాళ్ళు ఆగిపోయాయి. ఈ గేటు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను ఇక్కడికి వచ్చాను. లోపల గోల గోలగా ఉండేది. మీసాలాయన ఒకరు కర్ర పట్టుకుని, పెద్ద పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండేవారు.

ఇది బడి కాకపోతే మరేమిటండీ? ఊరంతా మరిచిపోయిన బడి నా ఒక్కడికే గుర్తుందనుకుంటే ఒళ్ళు పులకరించింది.

దైవసహాయం గారికి చెప్పాను. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టమన్నాడట వెనకటికొకడు. మా హెడ్మాస్టరు గారు ఆ దూడకి పేరు కూడా పెట్టి బోర్డు రాయించేశారు.

ఆ ఆదివారం పొద్దున్నే పున్నయ్య మాస్టారు బస్సు దిగారు. తెల్లటి పంచె, చేతికర్ర, మెత్తటి మాట. అడితి ముందు కుర్చీ వేసి, దండ వేశాం. ఆయన షెడ్డు వంక చూశారు. ఇటు తిరిగి చూశారు, అటు తిరిగి చూశారు.

"గుమ్మం తూర్పు వైపు కదా బాబూ ఉండేది?"

"మార్చారండి" అన్నాను.

"ఇక్కడ వేపచెట్టు..."

"కొట్టేశారండి."

"బావి?"

"పూడ్చేశారండి."

ఇవేవీ నాకు తెలియవు. అయినా నోరు ఆగలేదు. తాతకి దగ్గులు నేర్పినవాళ్ళ గురించి విన్నాం గానీ, నీ దగ్గు తప్పు అని తాతనే దిద్దినవాణ్ణి నేనే.

ఆయన మొహం వాడిపోయింది. "ఈ మధ్య కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు బాబూ" అన్నారు నెమ్మదిగా. "పదకొండేళ్ళు పాఠం చెప్పిన బడే గుర్తు లేదంటే, ఇంక నాలో ఏం మిగిలినట్టు?" నాకు జాలేసింది. కానీ అనుమానం మాత్రం రాలేదు చూడండి, అదీ నా గొప్పతనం.

ఆయనకి జ్ఞాపకం తెప్పిద్దామని మైకు అందుకున్నాను. "నాకు నిన్నగాక మొన్న జరిగినట్టుంది. మాస్టారు గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడేవారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు లోపలికి తోసి తాళం వేసేవారు. లోపల ఒకటే అరుపులు. సాయంత్రం పెద్దవాళ్ళు వచ్చి, బతిమాలుకుని, విడిపించుకుపోయేవారు."

జనంలో నవ్వులు మొదలయ్యాయి. నా హాస్యానికే అనుకుని గొంతు పెంచాను. ఇంతలో వెనక నుంచి ఒక గొంతు, "ఒరేయ్, ఆపరా."

మా నాయనమ్మ. నెల రోజులుగా హనుమాన్ జంక్షన్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి, అప్పుడే బస్సు దిగి, సంచీతో అలాగే వచ్చింది.

"అది బడేంట్రా, బందెలదొడ్డి. పక్కవాళ్ళ చేలో పడి మేసిన గొడ్లని తోలుకొచ్చి కట్టేసేవాళ్ళు. మన గేదె వారానికోసారి పట్టుబడేది. దాన్ని విడిపించుకోవడానికి నిన్ను చంకనేసుకుని వచ్చేదాన్ని. నిన్ను బళ్ళో వేసింది రాజమండ్రిలో."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. నేను "ఓహో" అన్నాను. అది కూడా మైకులో వినబడింది. దైవసహాయం గారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో, నా పర్మనెంటుకి తిలోదకాలో తెలియలేదు.

పున్నయ్య మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేచారు. కర్ర తాటిస్తూ, ఎవర్నీ దారి అడక్కుండా, నేరుగా వడ్ల గోడౌను దగ్గరికి నడిచారు. మేమంతా వెనకాల. తూర్పు గుమ్మం ఉంది. వేపచెట్టు ఉంది. బావి కూడా ఉంది, నిండా నీళ్ళతో.

"వానలకి ఇది కురిస్తే చర్చి వరండాలో కూర్చోబెట్టేవాణ్ణి" అన్నారాయన. "అక్కడ ప్రార్థన ఉన్న రోజున సావిట్లో. అదీ కుదరకపోతే ఎవరి అరుగు దొరికితే అక్కడ." అంటే ఊళ్ళో ప్రతివాడూ నిజమే చెప్పాడు. ఎటొచ్చీ నేనే.

ఆయన చెట్టు మీద చెయ్యి వేశారు. మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. కాళ్ళ మీద పడదామని వంగాను. భుజం పట్టుకుని లేపారు.

"బాధపడకు బాబూ. నా బళ్ళో చదువుకున్నవాళ్ళు ప్లీడర్లయ్యారు, గుమాస్తాలయ్యారు. బందెలదొడ్డిలో చదివి మాస్టారైనవాడివి మాత్రం నువ్వొక్కడివే."

ఆ నవ్వులు బందరు రోడ్డు దాకా వినిపించి ఉంటాయి. బోర్డు ఆ గోడౌను గోడకే కట్టాం. నా పర్మనెంటు ఇంకో ఏడాదిన్నర వెనక్కి పోయింది.

ఆ వేపచెట్టు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నా చిన్నతనం గురించి ఏం గుర్తొచ్చినా, ఇంట్లో పెద్దవాళ్ళు ఔనన్నాకే నోరు విప్పుతానని. నిష్ఠగా పాటించాను కూడా. ఇప్పుడు వచ్చిన చిక్కల్లా, ఇంట్లో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే.