జిగురంటని కత్తులు

జపానులో మా సెకి ఊళ్ళో కత్తుల పనివాళ్ళని చేతులు చూసి పోల్చుకోవచ్చు. సానపట్టేవాళ్ళ గోళ్ళలో నల్లటి మడ్డి ఉంటుంది, ఎంత తోమినా పోదు. పిడులు బిగించేవాళ్ళకి అరచేతి మధ్యలో కాయ కాస్తుంది. నాలాగా అమ్మకాలు చూసేవాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు, అందరికీ వంగి వంగి నడుం మాత్రం పట్టేస్తుంది. మా కంపెనీలో కట్టర్లకి నమూనాలు గీసే హిబినో కియోహరుగారికి కుడిచేతి బొటనవేలు విల్లులా వెనక్కి వంగి ఉండేది. చేసిన ప్రతి నమూనానీ తానే తోసి చూసుకోవడంవల్ల వచ్చిన వంపు అది. కంపెనీవాళ్ళమంతా వేడినీటి బుగ్గలకి వెళ్ళి తలమీద తువ్వాళ్ళేసుకుని కూర్చున్నా, ఆయన బొటనవేలు నీళ్ళలో లేని మీటని తోస్తూనే ఉండేది.

పసుపు పిడి కట్టర్ గీసింది ఆయనే. పెళ్ళికాని రోజుల్లో గీశారు. సన్నగా, తేలిగ్గా, జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియకుండా ఉంటుంది. మొన పాడైతే ఆ ముక్క విరిచేసి మళ్ళీ తోసుకోవడమే. మా కంపెనీ ఈనాటికీ దానిమీదే అన్నం తింటోంది. కానీ ఆయన దాని పేరెత్తేవారు కాదు. భార్య సుమియెగారు సూపర్‌బజారు వెనక గదిలో అట్టపెట్టెలు కోసే పని చేస్తున్నప్పుడు ఆ కట్టరే జారి, ఆవిడ ఎడమ బొటనవేలి నరం తెగింది. ఆ వేలు ఇక వంగదు.

"ఈయన కాయితంమీద గీసిన గీత చివరికి నా చేతిమీద తేలిందండీ," అని ఇంటికొచ్చినవాళ్ళతో ఆవిడ నవ్వుతూ చెప్పేది. వచ్చినవాళ్ళు నవ్వేవారు. హిబినోగారు టీ తెస్తానని లేచి వంటగదిలోకి పోయేవారు. టీ అప్పటికే అందరి ముందూ ఉండేది.

రిటైరయ్యే ఏడాది ఆయన కంపెనీ ప్రెసిడెంటుగారిని ఒకే ఒక్కటి కోరుకున్నారు. వేలు తెగని కట్టర్ ఒకటి చేసి, పసుపుదాని చోట జనం చేతుల్లో పెట్టి మరీ వెళ్తానన్నారు. ప్రెసిడెంటుగారు సరేనని ఒక మెలిక పెట్టారు. ఏదైనా పెద్ద గోడౌను వాడి చూసి ఆర్డరిస్తే అచ్చులు పోయిస్తారు. లేకపోతే ఆయనతోపాటే నమూనాల బల్ల కూడా ఎత్తేస్తారు.

అలా పుట్టింది తెల్లపిడి కత్తి. మీట నొక్కితే బ్లేడు అట్ట మందం మేరకే బయటికొస్తుంది. కోత అయి మొన అట్టని వదిలిందో లేదో, వేలు మీటమీదే ఉన్నా సరే, స్ప్రింగు దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. ఇంకో కోత కోయాలంటే వదిలి మళ్ళీ నొక్కాలి. దాంతో నేనూ నా చెయ్యి కోసుకోవాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

నమూనాలు పట్టుకుని ఇద్దరం కొమకిలో ఒక గోడౌనుకి వెళ్ళాం. ఎండ మండిపోతోంది. అక్కడ పెట్టెలు విప్పే ఆడవాళ్ళందరికీ హిబినోగారు పేరుపేరునా వంగి నమస్కారం పెట్టి, తలొక కత్తీ రెండు చేతులతో అందించారు.

"చాలా తేలిగ్గా ఉందండీ," అంది ఒకావిడ.

"చేతిలో చక్కగా ఇమిడింది," అంది ఇంకొకావిడ.

"రంగు కూడా చల్లగా ఉంది," అంది వాళ్ళందరికీ పెద్దదిక్కయిన అవాజిగారు. అందరూ ఆవిడని అక్కా అంటారు.

హిబినోగారి మొహం వెలిగిపోయింది. నేను మాత్రం ఆర్డరు పుస్తకం సంచిలోనే ఉంచాను. మావైపు ముగ్గురు మూడు రకాలుగా మెచ్చుకున్న సరుకుని నేనింతవరకూ అమ్మలేకపోయాను.

వాడి చూడమన్న గడువయ్యాక కత్తులు తిరిగొచ్చాయి. పెట్టె విప్పి చూస్తే అన్నీ తళతళలాడుతున్నాయి. బ్లేళ్ళమీద గీతైనా లేదు, టేపు జిగురు చుక్కైనా లేదు.

"చూశావటయ్యా మిజుతానీ, కడిగి పంపారు," అన్నారు హిబినోగారు.

"కడిగారంటారా?"

"కడగరా మరి? పక్కింటివాళ్ళ గిన్నె వాడుకుని నువ్వు జిడ్డుతో తిరిగిస్తావా?"

"మా ఆవిడ ఇవ్వనివ్వదనుకోండి."

"అదీ మర్యాదంటే. కొమకివాళ్ళని ఊరికే తక్కువచేసి మాట్లాడతావు నువ్వు."

టేపు జిగురు నీళ్ళతో పోదు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసిన మనిషి తెలుసుకోదలచుకోకపోతే పక్కవాడు చేసేదేముంది. నేనూ కడిగే ఉంటారన్నాను.

పైగా ఆ గడువులో గోడౌనులో ఒక్క వేలూ తెగలేదని మేనేజరు తొకొనామిగారి దగ్గరినుంచి కబురొచ్చింది. వెనకే ఆర్డరూ వచ్చింది, మనిషికొకటి చొప్పున. అచ్చులు పోశారు. ప్రెసిడెంటుగారు మా అందరికీ కాల్చిన మలుగు చేప పెట్టించారు. హిబినోగారు తన వాటా తినకుండా పొట్లం కట్టించుకుని సుమియెగారికి పట్టుకెళ్ళారు.

చలి మొదలయ్యేసరికి కొమకివాళ్ళు భద్రతా వారానికి మమ్మల్ని పిలిచారు. పొద్దున్నే అందరూ వరసల్లో నిలబడ్డారు. ప్రతి నడుముకీ తెల్లకత్తి వేలాడుతోంది. గోడమీద పెద్ద బోర్డు, ప్రమాదం లేకుండా గడిచిన రోజులు చూపించేది, కొత్త రంగు వేసుకుని ఉంది. పని మొదలెట్టేముందు సరిచూసుకునే రివాజు ప్రకారం అవాజిగారు వేలు చాచి తన కత్తిని చూపిస్తూ, "కత్తి, సరే," అని గట్టిగా అరిచింది. వరసలన్నీ ఎవరి నడుము వాళ్ళు చూపించుకుంటూ, "కత్తి, సరే," అని అరిచాయి. హిబినోగారు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ అద్దాలు అంతకుముందే శుభ్రంగా ఉన్నాయి.

ఆడవాళ్ళంతా తలా కాస్తా వేసుకుని ఆయనకో కానుక కొన్నారు. అట్టపెట్టెనిండా చెస్ట్‌నట్ మిఠాయి. సరదాకని దానికి అడ్డంగా నిలువుగా మందపాటి టేపు చుట్టి తెచ్చారు.

"మీ కత్తితో మీరే కోయాలి మరి," అన్నారు తొకొనామిగారు.

హిబినోగారు కోటు జేబులన్నీ తడుముకున్నారు. రుమాలుంది, రైలు టిక్కెట్టుంది, కత్తి లేదు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు.

"ఉండండి, నేను కోస్తాను," అంటూ అవాజిగారు ముందుకొచ్చింది.

ఆవిడ చెయ్యి నడుముకి పోలేదు. ఏప్రన్ జేబులోకి పోయింది. పసుపు పిడి బయటికొచ్చింది. టిక్‌మని బ్లేడు లేచింది, సర్రున ఒకే లాగులో టేపు విడిపోయింది. మణికట్టు తిప్పి అడ్డంగా ఇంకో లాగు. పెట్టె తామరపువ్వులా విచ్చుకుంది.

అప్పుడు ఆవిడ తన చేతికేసి చూసుకుంది.

తొకొనామిగారు పైకప్పులో దీపాలు లెక్క పెట్టడం మొదలుపెట్టారు. వరసలన్నీ తమ తమ బూట్లు చూసుకున్నాయి. నేను దేన్ని చూడాలో తెలియక మిఠాయికేసి చూశాను.

"మంచి కోత," అన్నారు హిబినోగారు. "మణికట్టు బాగా తిప్పారు."

ఎవరూ కదలకపోతే నేనే మిఠాయి పంచాను. అమ్మకాలవాడు ఇలాంటప్పుడైనా పనికిరావాలి.

అయ్యాక ఆయన టీ యంత్రం దగ్గర అవాజిగారిని పట్టుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

"అందరూనా?"

"అందరూ అని కాదండీ. కొత్తగా చేరినమ్మాయి ఒకతె మీదే వాడింది."

"ఇప్పుడూ వాడుతోందా?"

"దానికీ పసుపుది కొనిపెట్టాం లెండి."

"ఎందుకమ్మా?"

ఆవిడ కుడి బొటనవేలు ఎత్తి చూపించింది. "పెట్టెకి మూడు కోతలండీ. మీ దాంతో కోతకోతకీ వదిలి మళ్ళీ నొక్కాలి. మధ్యాహ్నం అయ్యేసరికి బొటనవేలు నాది కాదు. ఇంటికెళ్ళి అన్నం తినే పుల్లలు పట్టుకుంటే జారిపోతున్నాయి. మా ఆయన చూసి, చిన్నపిల్లలా చెంచా ఇమ్మంటావా అని వెక్కిరింపు."

"అప్పుడే చెప్పాల్సింది."

"ఎలా చెప్తామండీ? అంత ఎండలో వచ్చారు. అందరికీ వంగి వంగి నమస్కారాలు పెట్టారు. అంత మంచాయన మొహంమీద అనగలమా?"

"మరి ఒక్క వేలూ తెగలేదన్నారు?"

ఆవిడ ఎడంచేతిని వెనక్కి పెట్టుకుంది. "చిన్నాచితకా ఉంటాయి. ప్లాస్టరేసుకుని పైన గ్లౌజు తొడుక్కుంటాం. పైకి చెప్తే బోర్డు మళ్ళీ మొదటికొస్తుంది కదండీ. ఒకరి వేలికోసం అందరి బోర్డూ పాడుచేస్తామా?"

తరవాత, ఆయన్ని ఎలాగైనా ఊరడించాలనో ఏమో, జేబులోంచి ఆ కట్టర్‌ని మళ్ళీ తీసి చూపించింది. "దీన్ని చేసినాయన ఎవరో గానీండి, మా చేతులు ఎరిగినవాడు. పొద్దుగూకులూ కోసినా నొప్పి తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

నేను నోరు తెరిచాను. హిబినోగారు నా కాలు తొక్కారు. గట్టిగానే తొక్కారు.

అక్కణ్ణుంచి నేరుగా తొకొనామిగారి గదిలోకి వెళ్ళి, ఆ కత్తులు వెనక్కి తీసుకుంటాం, డబ్బు తిరిగిచ్చేస్తాం అన్నారు.

"అయ్యో, అదేం మాట హిబినోగారూ."

"అది పనికిరాని వస్తువండీ."

"అలా అనకండి. ఎంత చక్కటి వస్తువు."

"చక్కటిది కాదండీ. నిజంగా చెత్త."

"మీరు మరీ వినయంగా మాట్లాడతారు," అని తొకొనామిగారు ఇంకాస్త వంగారు.

మా దేశంలో వజ్రాలహారం ఇస్తున్నా పనికిమాలినదండీ అంటూనే ఇవ్వాలి. అందుకని ఒక వస్తువు నిజంగానే పనికిరాదని చెప్పడానికి మా దగ్గర మర్యాదైన మాట లేదు. హిబినోగారు చెత్త అన్నకొద్దీ ఆయన వంగారు, ఆయన వంగినకొద్దీ ఈయనా వంగారు. ఇద్దరి తలలూ బల్లకి తగులుతాయేమోనని నేను టీ కప్పులు పక్కకి జరిపాను.

చివరికి హిబినోగారు వంగడం మానేసి, "ఎవరూ వాడటంలేదు. మీరూ చూశారు," అన్నారు.

తొకొనామిగారు లేచి తలుపు దగ్గరికేశారు. గొంతు తగ్గించారు. "హిబినోగారూ, ఆ కత్తివల్లే వేళ్ళు తెగడంలేదని పైవాళ్ళకి చెప్పాను. వాళ్ళు మిగతా గోడౌనులకీ పెట్టిస్తామంటున్నారు. ఇప్పుడు ఎవరూ వాడలేదంటే ఆ బోర్డు ఏమవుతుంది? ఆ ఆడవాళ్ళకి ఎన్ని సంజాయిషీలు? నడుముకి ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఉండనివ్వండి."

అలా అది ఉండిపోయింది. అమ్ముడుపోకుండా చూడమని అమ్మకాలవాడైన నన్ను హిబినోగారు దారంతా బతిమాలారు. నా ఉద్యోగంలో అలాంటి కోరిక అదొక్కటే. అదీ నావల్ల కాలేదు. మరుసటి వారం మిగతా గోడౌనుల ఆర్డర్లు వచ్చాయి.

ఆ రోజు ఇంటికెళ్ళాక ఏం జరిగిందో సుమియెగారే తరవాత నాకు చెప్పింది. ఆయన బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయారట.

"ఎవరూ వాడటంలేదు," అన్నారట.

"నేనైనా వాడేదాన్ని కాదండీ," అందట ఈవిడ. "పని తొందరలో అన్నిసార్లు ఎవరు నొక్కుతారు?"

"ఇంట్లో మొదటి నమూనా చూశావుగా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఇన్నేళ్ళలో నా చెయ్యి ఎదురుగా ఉంటే లేచి టీకి పోయారు. ఆ కత్తి మొదలెట్టాకే కదా, నా వేలు పట్టుకుని చూసి, నొప్పిగా ఉంటుందా అని అడిగారు. ఇంక ఎలా చెప్పమంటారు?"

ఆయనేమన్నారని అడిగాను. "ఏమంటారు, బూట్లు విప్పారు," అంది.

మిగిలిన చలికాలమంతా ఆయన స్ప్రింగుతో కుస్తీ పట్టారు. మెత్తటి స్ప్రింగేస్తే వేలికి హాయిగా ఉంది, కానీ బ్లేడు వెనక్కి పోదు. గట్టిదేస్తే బ్లేడు పోతుంది, వేలూ పోతుంది. ఆ రెంటి మధ్యా ఏదో ఒకటి ఉండే ఉంటుందని రోజూ ఒకటి తెచ్చి నాచేత నొక్కించేవారు. నా బొటనవేలు కూడా కాస్త వెనక్కి వంగిందని మా ఆవిడ అంటుంది. ఆయన రిటైరయ్యే మార్చి వచ్చేసింది. పూలగుత్తి ఇచ్చి, వీధి మలుపు తిరిగేదాకా చప్పట్లు కొట్టి పంపాం. ఆర్డర్లు వచ్చినా సరే, బల్ల ఎత్తేసి ఆ చోట జిరాక్స్ యంత్రం పెట్టారు.

కత్తులు చేసేవాళ్ళకి బతుకు కత్తిలో లేదు, బ్లేళ్ళలో ఉంది. కత్తి ఒకసారే కొంటారు, బ్లేళ్ళు కొంటూనే ఉంటారు. తెల్లకత్తులకి బ్లేళ్ళు కావాలని ఎవరైనా అడిగితే, ఎక్కడో ఒకరు వాడుతున్నారని అర్థం. అందుకే ఆయన అప్పుడప్పుడూ నాకు ఫోను చేస్తారు. ముందు వానల గురించి, పెరట్లో ముల్లంగి గురించి మాట్లాడతారు. నేను వింటూ ఉంటాను.

"తెల్లదానికి బ్లేళ్ళేమైనా అడిగారా?" అంటారు ఆఖర్న.

మొన్న కూడా అడిగారు.

"లేదండీ."

"ఒక్క పెట్టె కూడానా?"

"లేదండీ."

"మంచి ఉక్కు పెట్టాంలే. తొందరగా అరగదు."

"అవునండీ."

అవతల సుమియెగారు ఏదో తరుగుతున్న చప్పుడు, నెమ్మదిగా, ఆగి ఆగి వినిపిస్తోంది.

"పసుపుది?" అన్నారు.

"దానికేమండీ. దానికోసం ఈ నెల ఆదివారాలు కూడా పని పెట్టారు."

"ఊఁ," అన్నారాయన.