పెద్దమ్మను వెళ్లమన్నది నేనే

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఒక పెద్దమ్మ బాత్‌రూమ్‌కి వెళ్లింది. జరిగింది అంతే. ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న బరువు అదే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

సుక్రీ నేనూ అరకులో కలిసి స్కానింగ్ నేర్చుకున్నాం. మా నాన్నది సంత దగ్గర కిరాణా కొట్టు. మైదానం నుంచి వచ్చినవాళ్లం. సుక్రిది బొర్రా పైన కొండమీద ఊరు. పుస్తకంలో ఉన్నది నాకే బాగా వచ్చు. కానీ కొండ దిగి వచ్చిన ఆడవాళ్లు చల్లటి జెల్ రాయగానే కడుపు బిగపట్టేవారు. సుక్రి వాళ్ల కువి భాషలో ఏదో అనేది, వాళ్లు నవ్వేవారు, కడుపు మెత్తబడేది, తెరమీద బొమ్మ తేటగా వచ్చేది. నా చేతికింద ఒక్కరూ నవ్వలేదు. నేను కుళ్లుకున్నది ఆమె పనితనానికా, ఆ నవ్వులకా?

ఆసుపత్రిలో స్కానింగ్ ఉద్యోగం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ఎవరు బాగా చేస్తే వారిది. గర్భసంచి కనిపించాలంటే మూత్రసంచి నిండి ఉండాలి. సుక్రి తనకు కేటాయించిన పెద్దమ్మకు చెంబుడు నీళ్లు తాగించి, ఆపుకోమని చెప్పి, మిషను సరిచూసుకోవడానికి లోపలికి వెళ్లింది. నా వంతు అయిపోయింది. బెంచీమీద పెద్దమ్మ పక్కన కూర్చున్నాను.

"గుంటా, ఆపలేకపోతన్నాను. లోపలికెల్లిన ఆ గుంటేమో ఎల్లొద్దన్నాది. ఏటి సెయ్యమంటావు?"

"ఏటీ కాదు పెద్దమ్మా. ఎల్లి బేగి వచ్చీ."

"నీ కడుపు సల్లగుండ," అంది.

తెరమీద మసక తప్ప ఏమీ రాలేదు. పరీక్షకు వచ్చిన డాక్టరు, నీళ్లు తాగించడం కూడా తెలియదా అని సుక్రిని కసిరాడు. పెద్దమ్మ కువిలో ఏదో చెప్పింది. సుక్రి తలుపు దగ్గరున్న నావైపు ఒక్కసారి చూసి, మళ్లీ తెరవైపు తిరిగింది. నాకు కువి రాదు. ఏం చెప్పిందో తెలియదు. తెలియదని ఎందుకు రాస్తున్నాను? ఇంకేం చెబుతుంది?

సుక్రి నన్నేమీ అనలేదు. మళ్లీ పరీక్షకు రాలేదు. కాఫీ తోట పనిలోకి వెళ్లిపోయింది. సంతలో కనిపిస్తే బాగున్నావా అని పలకరించేది. అన్నీ తెలిసి అంత మామూలుగా ఎలా పలకరించగలదని, దానికీ కుళ్లుకున్నాను.

మొన్న వానాకాలంలో జ్వరంతో పోయింది. వెళ్లాను. జనం వెనక నిలబడి తిరిగొచ్చాను. క్షమించగలిగినది ఆమె ఒక్కతే. ఇది రాయడం వల్ల ఏదీ సరైపోదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

ఉద్యోగం నాదే. కొండమీంచి ఆడవాళ్లు వస్తారు, కడుపు బిగపట్టుకుని పడుకుంటారు. ఆ గదిలో ఇప్పుడు వాళ్లతో కువిలో ఎవరూ మాట్లాడరు.