మూడు కోణాలతో కట్టిన కొట్టం

తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, నాకు తెలియని విషయం లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. త్రిభుజాల పాఠం అయ్యాక అది మరీ ముదిరింది. మా ఊరు మెట్‌పల్లి పక్కనే. దుబాయిలో పనిచేసే బాపు సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్లేలోగా బర్రెకు రేకుల కొట్టం వేయాలని పట్టుబట్టాడు. కప్పు కింద ముందొకటి, వెనకొకటి ఇనుప త్రిభుజాలు కావాలి. ముందుది నిలబెట్టేశారు. రెండోది చేయించే సమయానికి వైద్య పరీక్షలకని బాపు కరీంనగర్ వెళ్లాల్సి వచ్చింది. "బిడ్డా, గా ముందటి దాని కొలతలు వెల్డింగ్ మామకు ఫోన్ల చెప్పు. అచ్చం గట్లనే ఉండాలె. వారంల నా ఫ్లైటు, యాదుంచుకో" అని టేపు నా చేతిలో పెట్టి బస్సెక్కాడు.

టేపు ముట్టుకుంటే నా చదువుకు అవమానం కదా! కంపాసు పెట్టెలోని కోణమానిని పట్టుకుని నిచ్చెనెక్కాను. పైన నూరు డిగ్రీలు, అటూ ఇటూ నలభై నలభై. (మొత్తం నూట ఎనభై వచ్చిందన్న సంతోషంలో నిచ్చెన మీద నుంచి జారబోయాను.) వెంటనే ఫోన్ చేశాను.

"పొడుగెంత బిడ్డా?" అన్నాడు వెల్డింగ్ మామ.

"గవన్నీ వద్దు మామా. మూడు కోణాలు కలిస్తే రెండు త్రిభుజాలు సర్వసమానమే. మా పుస్తకంల ఉంది." (పుస్తకంలో లేదు. నా తలలో ఉంది.)

"పుస్తకంల ఉంటే ఇగ ఫికరెందుకు" అని, షాపులో మిగిలిన ఇనుప ముక్కలతో ఆయన పని కానిచ్చేశాడు.

మూడో రోజు ఆటోలో త్రిభుజం దిగింది. అప్పటికే తిరిగొచ్చిన బాపు దాన్ని ఒంటి చేత్తో లేపి, "గిది బర్రెకా, బర్రె తలకాయకా?" అన్నాడు. నేను కోణమానిని ఆనించి, "చూడు బాపు, ఒక్క డిగ్రీ తేడా లేదు!" అని వాదించాను. "డిగ్రీలు మంచిగనే ఉన్నయి బిడ్డా. బర్రె ఏడ పండాలె?" గుమ్మంలో ఉన్న అవ్వ, అదే మా అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

మర్నాడు బడిలో లెక్కల సారుకు నా గోడు చెప్పుకున్నాను. "మూడు కోణాలు కలిస్తే పోలికే కలుస్తది, సైజు కాదు. నువ్వూ మీ బాపూ లేరా? ఒక్క భుజమన్న కొలువకుండ కోణం, కోణం, కోణం అని కో.కో.కో. అంటే కోళ్లొస్తయి గని రుజువు రాదు" అన్నారు. క్లాసంతా కొక్కొరొకో!

సాయంత్రం టేపుతో కొలిచి, మూడు భుజాల కొలతలూ కాగితం మీద రాసుకుని, బాపు బండి మీద వెనక కూర్చుని వెల్డింగ్ మామ దగ్గరికి వెళ్లాను. ఈసారి త్రిభుజం అచ్చంగా కుదిరింది. బాపు ప్రయాణానికి ముందురోజే రేకులు పడ్డాయి. కొట్టం చూడవచ్చిన వాళ్లందరికీ ఆయన "మా బిడ్డనే కొలిచింది" అని చెప్పుకున్నాడు. మొదటిసారా, రెండోసారా అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కిటికీ తెరకైనా నాలుగుసార్లు కొలుస్తాను. అయినా దుకాణంలో చెప్పేటప్పుడు కాగితం తీసి మరోసారి చూసుకుంటాను. అప్పుడప్పుడూ, టేపు ముట్టకుండానే అంత ధీమాగా ఫోన్ చేసిన ఆ పిల్ల మీద నాకు కొంచెం అసూయ.