గోధుమలకు కడుగు నీళ్లు

ఆకలి మొహం కనబడితే సన్యాసమ్మకు చెయ్యి ఆగదు. అది మనిషిదా, పిల్లిదా, మొక్కదా అని ఆవిడ అడగదు. మొగుడు గురువులు గార్డెన్ రీచ్ ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాక, ఆవిడ ఓ కాలేజీ మేడమీద మొక్కల షెడ్డులో ఊడ్చి నీళ్లు పెట్టే పనిలో కుదిరింది.

అక్కడ లక్ష్మీసౌజన్య అనే విజయవాడ పిల్ల డాక్టరేటు కోసం గోధుమల్ని ఏడిపిస్తోంది. సగం కుండీల్లో మంచి మట్టి, సగం కుండీల్లో ముడిచమురు కలిపిన మట్టి. గాజుసీసాల్లో గోధుమ కణాల ముద్దలు పెంచి వాటికీ అదే నూనె రుచి చూపిస్తోంది. ఏ రకం తట్టుకుంటుందో తేలితే, చమురు ఒలికిన నేలలోనూ పంట వేయొచ్చని ఆ పిల్ల ఆశ. సన్యాసమ్మకు మాత్రం అది పచ్చి పాపంలా తోచింది. సీసాల జోలికి ఆవిడను పోనివ్వరు గనక సరిపోయింది. కుండీల్లో పసుపెక్కిన ఆకులు చూసి ప్రాణం ఉసూరుమని, ఇంటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు డబ్బాతో తెచ్చి చాటుగా పోయసాగింది.

నెల తిరిగాక సౌజన్య కొలిచి చూస్తే, నూనె కుండీల్లో సైతం మొక్కలు ఏపుగా ఉన్నాయి. ఎక్కడో తప్పు జరిగింది, అన్నీ పీకేయాలి, చలికాలం దాటిపోతోంది గనక ఏడాది గల్లంతే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చెబితే సన్యాసమ్మ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్ల ఏడాది పోతుంది. ఊడ్చిన చోటే నాలుగుసార్లు ఊడ్చి, చివరికి నోరు విప్పింది.

“నానే పాపా. కడుగు నీళ్లు పోసీసినాను.”

సౌజన్య తెల్లబోయింది. కోప్పడే ఓపిక కూడా లేక, ఏయే కుండీలకు పోశావు పిన్నీ అని అడిగింది.

“అదేటి పాపా, పంక్తిలో వలపక్షం సేత్తామా? నూని తాగినోటికీ తాగనోటికీ ఒక్కో గళాసే.”

అన్నిటికీ సమానంగా పడ్డాయి గనక పోలిక చెడలేదు, పుస్తకంలో రాసుకుంటే చాలు. సౌజన్య ఆవిడను వాటేసుకుంది. ఓ షరతు మాత్రం పెట్టింది: కోతలదాకా అదే గ్లాసు, అదే బియ్యం.

సన్యాసమ్మ ఇంటికి వెళ్లేసరికి, రేషన్ లావు బియ్యంతో విసిగిన గురువులు సన్నబియ్యం బస్తా దింపుకుని మురిసిపోతున్నాడు. ఆవిడ బస్తా మూతి బిగించి కట్టి, గోధుమ కోతలయ్యేదాకా లావన్నమే అని తేల్చేసింది. ఎందుకే అని గురువులు లబోదిబోమన్నాడు.

“ఆ మొక్కలు నూని తాగి తట్టుకుంతన్నాయి. లావన్నం నువ్వు తట్టుకోలేవా?” అంది సన్యాసమ్మ, కంచం ముందుకు తోసి.