మా అత్త సంతకం పెట్టని కాగితాలు

మా మేనత్త చనిపోయిందన్న కబురు ఉదయం పదిన్నరకే ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. గేటు నుంచి నా దాకా రావడానికి మధ్యాహ్నం ఒకటిన్నర అయింది. మేం లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు గేటు దగ్గర పెట్టి వెళ్ళాలి. అత్త కూతురు గేటుకి ఫోన్ చేసింది. సెక్యూరిటీ అతను సూపర్‌వైజర్‌కి చెప్పాడు. ఆ సూపర్‌వైజర్ గోడ గడియారం చూసి, లోడు అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు. లోడు అంటే ఆ పూట చెరువుల నుంచి వచ్చిన రొయ్య. అదంతా అయ్యేవరకూ నేను బల్ల దగ్గర నిలబడి సైజులు రాసుకుంటూనే ఉన్నాను. పక్కనున్న ఆమె ఏదో అంటే నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు గేటు దగ్గర బోర్డు మీద ఒక కాగితం అంటించారు. "మా సంస్థ కుటుంబంలో ఒక విలువైన గొంతు మూగబోయింది" అని. పైన కంపెనీ గుర్తు, కింద పూల బొమ్మ. తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు దాన్ని చదివాకే ఇది రాయాలనిపించింది. ఆ గొంతుని నాలుగేళ్ళుగా ఎవరు ఎలా నొక్కారో దగ్గరుండి చూసిన దాన్ని. అలా చూస్తూ ఊరుకున్న రోజు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

అత్త మా నాన్నకి అక్క. మాది సముద్రం ఒడ్డు ఊరు. వేటకి వెళ్ళిన మావయ్య తిరిగి రాని ఏడాది నుంచి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచింది. హైవే పక్కన రొయ్యల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పొట్టు తీసే హాల్లో మొదటి జట్టులో చేరింది. ఇంటర్ తర్వాత నేను చదువు ఆపేస్తే నన్నూ తీసుకెళ్ళి చేర్పించింది. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి సైజులూ చల్లదనం లెక్కలూ రాసే పని ఇచ్చారు. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. పేరు రాయగలదు, కాకపోతే ఒక్కో అక్షరాన్నీ గీసి ఆరబెట్టినట్టు రాసేది.

మా వైపు పెద్దవాళ్ళలాగే ఆమెది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. షిఫ్టు దిగి బస్సు షెడ్డులో కూర్చుంటే చాలు, చుట్ట వెలిగేది. ఎవరు ఏ కబురు చెప్పినా చుట్ట నోట్లో ఉంచుకునే ఊకొట్టేది. చుట్ట బయటికి తీసిందంటే మాత్రం మేమందరం మాటలు ఆపేవాళ్ళం.

అలా తీసిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. ఒక సోమవారం వెళ్ళేసరికి గేటు మీద బోర్డు మారిపోయి ఉంది. మా పాత యజమాని ఫ్యాక్టరీని యూరప్ కంపెనీకి అమ్మేశాడట. మాకు ఆ బోర్డు చూశాకే తెలిసింది. అందర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి వీడియో వేశారు. ఇకనుంచి మనది దేశదేశాల కుటుంబం అన్నారు, లడ్డూలు పంచారు. సాయంత్రం షెడ్డులో అత్త చుట్ట తీసింది.

"సేపని అమ్మినోడైనా, కొనీవోడికి దాని మొప్ప ఎత్తి సూపిస్తాడు. మనల్ని అమ్మీసినారు, మనకొక మాటైనా సెప్పనేదు. మనం సేపకన్నా సులకనైపోనామేటి?"

చట్టం ప్రకారం పెద్ద ఫ్యాక్టరీల్లో వర్క్స్ కమిటీ ఉండాలి. యాజమాన్యం ఎంతమందో, పనివాళ్ళూ కనీసం అంతమంది కూర్చుని మాట్లాడుకోవాలి. పనివాళ్ళు ఎన్నుకున్న మనుషులు అందులో ఉండాలి. కొత్త కంపెనీ వచ్చాక మాకూ ఒక కమిటీ వచ్చింది, కానీ ఎన్నిక లేదు. హెచ్ఆర్ ఆఫీసరు పేర్లు చదివాడు, మేం చప్పట్లు కొట్టాం. అందులో అత్త పేరు ఉంది. పెద్దావిడ, చదువు లేదు, టీ తాగి తలూపి వచ్చేస్తుంది అనుకుని ఉంటారు.

ఆమె మొదటి మీటింగులోనే తలుపు గురించి అడిగింది.

మా హాలుకి రెండు తలుపులు. ముందు తలుపు దగ్గరే గోడ వెంట అమ్మోనియా గొట్టం పోతుంది. ఫ్రీజర్లు నడిచేది ఆ గ్యాసుతోనే. వెనక తలుపుకి గొలుసేసి తాళం పెట్టారు, రొయ్య బయటికి పోతుందని. గొట్టం పగిలితే మేం ఎటు పోవాలి? అదీ ఆమె ప్రశ్న. అంతకుమించి ఏమీ అడగలేదు.

వారం తర్వాత హెచ్ఆర్ ఆఫీసరు హాల్లోకి వచ్చి టైపు చేసిన కాగితం ఆమె ముందు పెట్టాడు. "మీటింగు వివరాలమ్మా, సంతకం చెయ్యండి" అన్నాడు. అత్త చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని కాగితం నాకిచ్చింది.

"ఒలే, సదువు."

చదివాను. క్యాంటీన్ టీ బాగుందని సభ్యులు అభినందించారు. యూనిఫాం శుభ్రతపై చర్చ జరిగింది. యాజమాన్యానికి ధన్యవాదాలు తెలిపారు.

"తలుపేదే?"

"లేదత్తా."

"అమ్మా, అది చిన్న విషయం. రాయక్కర్లేదు" అన్నాడు ఆఫీసరు.

"సిన్న ఇసయమైతే రాయడానికి అంత కట్టమేటి బాబూ?" అని కాగితం తిరిగిచ్చేసింది. రెండో మీటింగు కాగితమూ అంతే, మూడోదీ అంతే. ప్రతిసారీ నాచేత చదివించేది, తలుపు లేదనగానే తిరిగిచ్చేది. మిగతా సభ్యులు సంతకాలు పెట్టారు. వాళ్ళని ఆమె ఒక్క మాట అనలేదు. "ఆళ్ళ ఇంట్లో ఏటుందో మనకేటి తెల్సు" అనేది.

ఆ ఏడాదే కంపెనీ హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది, పనివాళ్ళు ఎలా ఉన్నారో చూడ్డానికి. ముందు రోజు మాకు ఏం చెప్పాలో నేర్పారు. ఆవిడ బల్లల మధ్య నడుస్తూ వచ్చి అత్త ముందు ఆగింది. మీకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. హెచ్ఆర్ ఆఫీసరు తెలుగు చేశాడు. అత్త మాస్కు కిందికి లాగి, వెనక తలుపు వైపు చెయ్యి చూపించి చెప్పింది.

"ఆ తలుపుకి తాళమున్నాదమ్మా. గేసొస్తే ఇందరం సచ్చిపోతాం. తీయించండమ్మా."

ఆఫీసరు నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పాడు: ఈమె ఆ తలుపు కట్టినప్పటి నుంచి ఇక్కడే పని చేస్తోందట, ఇది తన సొంతిల్లులా ఉందట.

ఆవిడ ముచ్చటపడింది. అత్త భుజం తట్టి ముందుకు వెళ్ళిపోయింది.

నేను అక్కడికి రెండడుగుల దూరంలో ఉన్నాను. అంతా అర్థమైంది. ఒక్క వాక్యం చాలు, అలా అనలేదు అని చెప్పడానికి. ఇంటర్ ఇంగ్లీషు సరిపోతుంది. నేను పుస్తకంలోకి తల వంచి అంకెలు రాసుకున్నాను.

సాయంత్రం షెడ్డులో అడిగింది. "ఒలే, నాను సెప్పింది ఆవిడికి సెప్పినాడా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆఫీసరు ఏమన్నాడో చెప్పాను. అత్త చుట్ట తీసి నా వైపు చూసింది.

"నువ్వు పక్కనే ఉన్నావు కదే."

అంతే. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా వేరే చోట కూర్చునేది. ఆ ఆఫీసరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయితే అది నా మీద కోపంతో కలిసిపోయి ఉంటుంది, విడదీయడం నా వల్ల కాదు.

తొమ్మిదో రోజున ఆమే మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన అంబలి తాగి గ్లాసు పక్కన పెట్టింది. "నాకు నోరుంది, నీకు ఇంగిలీసుంది. ఇడిఇడిగా ఉంటే ఏటికీ పనికి రావు. కాయితం తియ్యి" అంది.

క్యాంటీన్ గోడ మీద కంపెనీ పోస్టరు ఒకటి ఉండేది, అంతా ఇంగ్లీషులో. పనివాళ్ళకి సంబంధించిన ఏ మార్పైనా ముందుగా వాళ్ళతో సంప్రదిస్తాం అని రాసి, అడుగున ఒక మెయిల్ అడ్రసు ఇచ్చారు. మేం చదవలేమనే ధైర్యంతోనే అంటించి ఉంటారు. అత్త చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో ఆ అడ్రసుకి రాశాను. తలుపు గురించి, సంతకం పెట్టని కాగితాల గురించి, ఆ తప్పుడు అనువాదం గురించి. నేను నోరు మూసుకున్న సంగతి కూడా రాయమంది. రాశాను.

చాలా రోజులకి జవాబు వచ్చింది. రాసింది ఆఫీసరు కాదు. అదే కంపెనీకి యూరప్‌లో ఉన్న చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, అక్కడి పనివాళ్ళు ఎన్నుకున్న ప్రతినిధి. ఆ అడ్రసుకి వచ్చినవి ఆమె కూడా చూస్తుందట. ఒక ఆదివారం మధ్యాహ్నం మా వీధరుగు మీద కూర్చుని వీడియోలో మాట్లాడాం. వాళ్ళ దగ్గర ఒక యంత్రం జరపాలన్నా కంపెనీ ముందే కాగితాలిచ్చి, కూర్చోబెట్టి, వాళ్ళ మాట విని, దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలట. నేను తెలుగు చేసి చెబుతుంటే అత్త ముఖం ఎర్రబడింది.

"ఒకే కంపెనీ. ఆళ్ళకి ముందు సెప్తారు, మనకి ఎనక కూడా సెప్పరు. ఆళ్ళయి సెవులు, మనయి కాదేటి?"

ఆ ప్రతినిధి మా ఉత్తరాన్ని వాళ్ళ సమావేశంలో హెడ్డాఫీసు వాళ్ళ ముందు పెట్టింది. అక్కడి నుంచి ఇక్కడికి చీవాట్లు వచ్చాయి కాబోలు, హెచ్ఆర్ ఆఫీసరు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"ఇంటి గొడవ వీధిలో పెడతారా?"

"ఇల్లైతే బయట్నించి తాళమెయ్యరు బాబూ" అంది అత్త.

మర్నాటి నుంచి ఆమెని ఐసు గదిలో వేశారు. అరవైకి దగ్గరపడిన మనిషిని. రోజంతా పారతో ఐసు ఎత్తేది. సాయంత్రానికి వేళ్ళు వంగేవి కావు, చుట్ట నేను వెలిగించి ఇచ్చేదాన్ని. శిక్ష అని ఎక్కడా రాయలేదు, పని సర్దుబాటు అన్నారు. మానెయ్యి అత్తా అన్నాను. "మానెస్తే ఆడికి పండగే" అంది.

కానీ హెడ్డాఫీసు ఆదేశం వల్ల రహస్య ఓటుతో కమిటీ ఎన్నిక పెట్టక తప్పలేదు. అత్త నిలబడింది. కంపెనీ హాస్టల్లో ఉండే, ఒడిశా సరిహద్దున పాతపట్నం వైపు అమ్మాయిలు ఓటుకి భయపడుతుంటే, వాళ్ళ దగ్గర కూర్చుని వచ్చీరాని ఒడియాలో "భొయొ నాహీ" అని చెప్పేది, భయం లేదని. వాళ్ళు ఆమె ఒడియా విని పడీ పడీ నవ్వేవారు. ఓట్లు కూడా ఆమెకే వేశారు. గెలిచాక మొదటి మీటింగులో తలుపు తాళం తీయాలన్న నిర్ణయం కాగితం మీదికి ఎక్కింది. నాచేత రెండుసార్లు చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టింది. ఆమె పేరు రాసేంతసేపూ హెచ్ఆర్ ఆఫీసరు నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత వర్షాకాలంలో, ఉదయం టీ అయిన కాసేపటికి ముందు తలుపు దగ్గర గొట్టం చీలింది. కళ్ళలో కారం కొట్టినట్టయింది, ఊపిరి అందలేదు. ముందు వైపు పోవడానికి లేదు. ఎవరో వెనక్కి వెనక్కి అని అరిచారు. వెనక తలుపు తోస్తే తెరుచుకుంది. హాల్లో ఉన్నవాళ్ళందరం వాన నీళ్ళలో పడి దగ్గుకుంటూ బయటికొచ్చాం. ఇద్దరు అమ్మాయిలు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. ఎవరూ చనిపోలేదు.

ఆ ఏడాది కంపెనీ పత్రికలో మా మేనేజరు ఫోటో వేశారు. ముందుచూపుతో ప్రాణాలు కాపాడినందుకు బహుమతి. ఆయన నిలబడింది ఆ తలుపు ముందే. అత్త పేరు ఎక్కడా లేదు. పత్రిక తీసుకెళ్ళి చూపించాను.

"పేరు ఆడినే రాసుకోమను" అంది. తర్వాత చుట్ట తీసింది. "తాళం అడిగినప్పుడు తియ్యాల. ఏడుసుకున్నాక కాదు. అది రాయమను ఆ పుస్తకంలో."

ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమెని ఐసు గది నుంచి చివరిదాకా మార్చలేదు. మూడు మీటింగుల్లో అడిగింది. పరిశీలిస్తాం అన్నారు. మొన్న మంగళవారం ఇంటి దగ్గర, ఐసు గది వాళ్ళ పది గంటల షిఫ్టుకి బయల్దేరబోతూ కూలబడిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. ఐసు వల్ల అని నేను రుజువు చెయ్యలేను. అడిగినా మార్చలేదని మాత్రం చెప్పగలను.

ఆ సాయంత్రమే సాగనంపేశాం. మర్నాడు ఉదయం హెచ్ఆర్ ఆఫీసరు దండ తీసుకుని వచ్చాడు, వెంట ఫోటోలు తీసే మనిషి. అత్త పటానికి దండ వేసి నన్ను పక్కకి పిలిచాడు.

"కమిటీలో ఆమె స్థానం గురించి బెంగపడకండి. ఎవరినో ఒకర్ని మేమే వేసేస్తాం."

"వెయ్యడానికి అది దండ కాదు సార్. ఎన్నిక పెట్టండి. నేను నిలబడతాను" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. పెరట్లో గిన్నెలు తోముతున్న అత్త కూతురు తలెత్తి చూసింది. ఫోటో తీసే మనిషి కెమెరా దించేశాడు.

మధ్యాహ్నం మూడింటికి కంపెనీ బస్సు మా ఊరి మొదట్లో ఆగింది. మొదటి షిఫ్టు వాళ్ళు. అది మా ఊరి బస్సు కాదు, దాని దారీ ఇది కాదు. ఆడవాళ్ళందరూ దిగి, ఇసుకలో నడుచుకుంటూ వచ్చి, అత్త ఇంటి ముందు నేల మీదే కూర్చున్నారు. హాస్టలు అమ్మాయిలు కూడా ఉన్నారు. చేతుల నుంచి క్లోరిన్ వాసన ఇంకా పోలేదు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. కాసేపటికి బస్సు హారన్ వినబడింది. ఒక్కరూ లేవలేదు. మళ్ళీ మోగింది, ఈసారి ఎక్కువసేపు. ఎవరూ తల తిప్పలేదు. తర్వాత ఇంజను ఆగిన చప్పుడైంది. డ్రైవరు ఇసుకలో నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విడిచి, వాళ్ళ వెనక వరసలో కూర్చున్నాడు.