పరీక్ష ఏ భాషలో చేశారు?

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో నేను ఆడియాలజిస్టుగా పనిచేశాను. చెవి జబ్బుకు వైద్యం చేసేది డాక్టరుగారు. ఏ శబ్దం ఎంత మేరకు వినబడుతోందో కొలిచి చెప్పడం మా పని. రిటైరవడానికి రెండేళ్ల ముందు, విభాగంలో సీనియరుగా ఉన్నప్పుడు, ఒక జులై ఉదయం భవాని అనే ఆరేళ్ల పిల్లను నా దగ్గరకు పంపారు.

తండ్రి అప్పలనాయుడు ఊళ్లోనే భుయ్యాడీహ్‌లో ఉంటూ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. పిల్ల అప్పటిదాకా శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. ఏప్రిల్‌లో తీసుకొచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతిలో వేశారు. పిలిస్తే పలకదు, చెప్పిన పని చెయ్యదు, చెవుడేమో చూపించమని స్కూలువాళ్లు అన్నారు. బయట ఒక సెంటర్లో పరీక్ష చేయించాడు. రెండు చెవులకూ వినికిడి తగ్గిందని, మిషన్ పెట్టాలని రిపోర్టు ఇచ్చారు. మిషన్ కోసం చెవి అచ్చు కూడా తీసేశారు. అది రాగానే పిల్లను బధిరుల పాఠశాలకు మార్చమని స్కూలువాళ్ల సలహా.

బాగా వినబడే చెవికి ఆ మిషన్ పెట్టడం చిన్న పొరపాటు కాదు. రోజూ పెద్ద శబ్దం లోపలికి పోతే ఉన్న వినికిడి పోతుంది. అందుకే మరో సెంటరు రిపోర్టు ఎంత చక్కగా ఉన్నా, చిన్నపిల్లల విషయంలో నేను మళ్లీ మొదటినుంచి పరీక్ష చేసేదాన్ని.

"పేరేంటమ్మా?" అని తెలుగులో అడిగాను. పిల్ల నా వంక చూసి, వెంటనే తండ్రి మొహం చూసింది.

"తెలుగు వద్దు మేడం," అన్నాడు అప్పలనాయుడు. "ఇంటికాడ కూడా హిందీయే మాట్లాడమని స్కూలోళ్లు సెప్పినారు. వచ్చినకాడికి మాట్లాడతన్నాం."

"మీరు హిందీలో మాట్లాడితే ఏమంటుంది?"

"ఏటీ అనదు. ఇప్పుడు మాతోటి కూడా మాట్లాడ్డం మానేసినాది."

పాత పరీక్షలో ఏం జరిగి ఉంటుందో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఈ వయసు పిల్లలకు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా ఒక చెక్కముక్క బుట్టలో వెయ్యమంటాం. శబ్దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోతాం. పిల్ల వెయ్యడం ఆపేసిన చోట వినికిడి హద్దు అని రాస్తాం. ఆ ఆట ఎలా ఆడాలో రాని భాషలో చెబితే, అర్థం కాని పిల్ల చెక్కముక్క పట్టుకుని ఊరికే కూర్చుంటుంది. కాగితం మీద అది చెవుడుగా కనబడుతుంది.

స్కూలు మాట ఆసుపత్రిలో చెల్లదని, ఈ గదిలో మీ అమ్మాయి తెలుగులోనే మాట్లాడుతుందని అప్పలనాయుడుతో చెప్పాను. కూతురితో ఆ మాట మీరే చెప్పండి అన్నాను. అతను కూతురి ముందు గొంతుక్కూర్చుని, "మాట్లాడమ్మా. మన మాటే మాట్లాడు. ఎవురూ ఏటీ అనరు," అన్నాడు.

మా ఇంట్లోది గోదావరి తెలుగు. అయినా ఈ ఊళ్లోనే సీతారాండేరాలో శ్రీకాకుళం వాళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ యాస నాకూ నోటికి వస్తుంది. ఆట ఎలాగో ఆ యాసలోనే చెప్పాను. భవాని అంతా విని, "సప్పుడు ఇనబడితే ఏత్తాను. ఇనబడకపోతే ఏటి సెయ్యాల?" అంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో పరీక్షకు ముందు ఆ ప్రశ్న వేసిన పెద్దవాళ్లు కూడా నాకు తక్కువే. ఇనబడకపోతే ఊరుకోమన్నాను. మా యంత్రం చెయ్యగలిగినంత సన్నని శబ్దానికి కూడా ఆ పిల్ల చెక్కముక్క వేసింది.

మా డాక్టరుగారు జాగ్రత్త మనిషి. ఇంకొకరి రిపోర్టును కాదనే ముందు బెరా పరీక్ష చెయ్యమన్నారు. పిల్లను నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి, శబ్దానికి నరం స్పందిస్తోందో లేదో నేరుగా చూసే పరీక్ష అది. రోగి మాట్లాడనక్కర్లేదు, చెప్పింది అర్థం చేసుకోనక్కర్లేదు. అదీ నార్మల్ వచ్చింది. మిషన్ ఆపించాం.

అంతటితో అయిపోలేదు. చెవులు బాగుంటే పిల్లది మందబుద్ధి అయి ఉంటుందని, తెలివితేటల పరీక్షకు పంపుతామని ప్రిన్సిపాల్ కబురు చేశారు. నేనే స్కూలుకు వెళ్లాను. ఆ పరీక్ష ఏ భాషలో చేయిస్తారని అడిగాను. హిందీలో, లేదంటే ఇంగ్లీషులో అన్నారామె. తెలుగు వచ్చిన టీచరు లేరా అంటే, పర్సుడీహ్ నుంచి వచ్చే సునీత టీచరు ఉన్నారు గాని, క్లాసులో హిందీ, ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని నియమం ఉందన్నారు.

ప్రాథమిక దశలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలోనే ఉందన్నాను. అది ప్రభుత్వాలకు చెప్పిన మాట, మాకు కాదన్నారు. ఆ మాట నిజమే. ఆవిడ అసలు భయం వేరు. "ఒక్కరికి ఒప్పుకుంటే రేపు సంతాలీవాళ్లు, ఒడియావాళ్లు, బెంగాలీవాళ్లు అందరూ వస్తారు," అన్నారు.

"వాళ్ల పిల్లలు ఇప్పటికే మీ క్లాసులో కూర్చుని ఉన్నారు," అన్నాను.

వాదన పెంచకుండా నా చేతిలో ఉన్న అధికారం వాడాను. మా రిపోర్టు చివర సిఫార్సులు రాసే చోటు ఉంటుంది. స్కూల్లో ఈ పిల్లకు సూచనలు ముందు తెలుగులో చెప్పి, తర్వాత హిందీలో చెప్పాలని, ఇంట్లో తెలుగు మానకూడదని, ఆరు నెలలు ఇలా చూశాకే ఇతర పరీక్షల సంగతి ఆలోచించాలని రాసి, డాక్టరుగారి సంతకంతో పంపాను. స్కూలు నియమాన్ని మార్చడం ఇష్టం లేని ప్రిన్సిపాల్ వైద్య సలహాగా దాన్ని ఒప్పుకున్నారు. సునీత టీచరు రోజూ ఒక పీరియడు ఒకటో తరగతిలో భవాని పక్కన కూర్చున్నారు.

జనవరిలో మళ్లీ తీసుకొచ్చినప్పుడు భవాని హిందీలో, మా అటెండరుతో, తన వంతు ఎప్పుడొస్తుందని దెబ్బలాడుతోంది. క్లాసులో ఎలా ఉందని అడిగాను. అప్పలనాయుడు, "ఎక్కువ మాట్లాడతంది అని ఇప్పుడు కంప్లైంటు మేడం," అన్నాడు. తెలివితేటల పరీక్ష మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి పెట్టాను. ఏ పిల్లనైనా పరీక్ష గదిలోకి తీసుకెళ్లే ముందు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడగాలి. ఆ భాష మాకు రాకపోతే వచ్చినవాళ్లను పిలవాలి. వాళ్లు దొరికేదాకా పరీక్ష మొదలుపెట్టకూడదు. ఆలస్యం అవుతోందని జూనియర్లు మొదట్లో గొణిగారు. నేను సడలించలేదు. పిల్ల జవాబు చెప్పలేదంటే, అడిగినది అర్థమైందో లేదో ముందు తేల్చుకోవాలి. అది తేల్చకుండా రాసిన ఫలితం ఏ యంత్రం ఇచ్చినా నమ్మదగినది కాదు.