బస్సు మీద వచ్చిన వీణ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మాకొక సంగీత సభ ఉండేది. మద్రాసు నుంచి వచ్చి డేరాల్లో కాపురం పెట్టిన గుమాస్తాలు కొందరు, ఊళ్లోని ప్లీడర్లు కొందరు, నాలాంటి పంతుళ్లు ఇద్దరు ముగ్గురు. హాలు లేదు, మైకు లేదు. అధ్యక్షుడైన ప్లీడరు ముందుగదిలో బేతంచెర్ల బండల మీద జంపఖానాలు పరిస్తే అదే సభ. మద్రాసులో కచేరీల సీజను డిసెంబరులో. అప్పుడు పిలిస్తే మా ఊరికి ఎవరూ రారు. అందుకని విద్వాంసులకు తీరిక దొరికే మే నెలలో మా సీజను పెట్టుకున్నాం. మే నెలలో కర్నూలు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు.

నేను కార్యదర్శిని. సంగీతం మీద పుస్తకాలు చాలా చదివాను. రాగం వింటే గుర్తుపట్టలేను, పేరు చెబితే మాత్రం దాని చరిత్ర చెప్పగలను. సంగీతం తెలిసింది నా భార్యకు. ఆమె వీణ వాయించేది. అతిథులు మా ఇంట్లోనే దిగి, ఆమె వంట తిని, ఆమెతో మాట్లాడి, పోయేటప్పుడు నాకొక నమస్కారం పెట్టి పోయేవాళ్లు. అదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి.

ఆమె చనిపోయిన మరుసటి ఏడు సీజను మానేద్దామన్నాడు ప్లీడరు. నేను ఒప్పుకోలేదు. అన్నీ మామూలుగా జరగాలన్నాను, అతిథులు మా ఇంట్లోనే దిగాలన్నాను. దుఃఖంలో ఉన్నా ధైర్యవంతుడిలా కనబడాలన్న సరదా పోదు. మొదట వచ్చిన గాయకుడు నేను చేసిన ఉప్మా రెండు ముద్దలు తిని, కచేరీకి ముందు ఏమీ తినకపోవడం తనకు అలవాటన్నాడు. తర్వాత వచ్చిన ఫిడేలు ఆయనకు ఊళ్లో ఎవరో బంధువులున్నట్టు హఠాత్తుగా గుర్తొచ్చింది.

నా భార్య వీణ లోపలిగదిలో, గలీబు తొడిగి, గోడ వారన ఉండేది. ఎవరినీ ముట్టనిచ్చేవాణ్ణి కాదు. దుమ్ము కూడా గలీబు మీదనే దులిపేవాణ్ణి. చివరిసారి ఆమె శ్రుతి చేసి పెట్టింది. ఎవరూ తాకకపోతే ఆ శ్రుతి అట్లాగే ఉంటుందని నా నమ్మకం. తీగల గురించీ ధ్వని గురించీ చదివినవాణ్ణే, అయినా నమ్మాను.

మూడో అతిథి ఒక వైణికురాలు. యాభై దాటిన మనిషి. ముందు కడపలో వాయించి, మరునాడు మా ఊళ్లో వాయించాలి. తోడుకుని రావడానికి నేనే కడపకు పోయాను. బస్సు దగ్గర వీణపెట్టె చూసి కండక్టరు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది లోపలికి పట్టదప్పా. మనిషంత ఉండాది. దీనికీ టికెట్టు కొంటావా?"

ఒళ్లో పెట్టుకుంటానంది ఆమె. నేను వద్దన్నాను. "లోపల ఉక్కగా ఉంటుందమ్మా. బస్సు పైన గాలి బాగా తగులుతుంది. వాయిద్యానికి అదే మంచిది."

కండక్టరు నన్ను చూశాడు, ఆకాశం చూశాడు. "గాలేనా సామీ? సరే, ఎక్కించు."

దారి పొడుగునా, వాయిద్యాలకు వాతావరణం ఎంత ముఖ్యమో ఆమెకు వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

మధ్యాహ్నం మా ఇంట్లో పెట్టె తెరిచాం. ప్లీడరు కూడా ఉన్నాడు. వీణకు మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి. ఆమె ఒక మెట్టు మీద వేలు ఆనించింది. అది బురదలో కాలు జారినట్టు పక్కకు జరిగింది. మిగిలినవి బస్సు కుదుపులకు అప్పటికే తలా ఒక దిక్కుకు ఒరిగి ఉన్నాయి.

"మళ్లీ నిలబెట్టేవాడు మద్రాసులో ఉన్నాడు," అంది ఆమె నెమ్మదిగా.

ప్లీడరు నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇన్ని పుస్తకాలు చదివినావే, ఎండకు మైనం కరుగుతాదని ఒక దాంట్లోనూ రాయలేదా?"

నేను పెట్టె మూత దించాను.

"ఊళ్లో ఇంకో వీణ ఉందా?" అని అడిగింది ఆమె.

"డ్రిల్లు మేష్టరు దగ్గర హార్మోనియం ఉండాదమ్మా," అన్నాడు ప్లీడరు, లోపలిగది వైపు చూడకుండా. నేనూ అటు చూడలేదు. వీణ ఇస్తే నా భార్య చేసిన శ్రుతి పోతుంది. ఇంట్లో ఆమె చేత్తో చేసింది ఇంకేదీ లేదు, ఊరగాయ కూడా అయిపోయింది. ఇవ్వకపోతే, పెద్దామెను ఎండలో రప్పించి, వీణ పాడుచేసి, హార్మోనియం ముందు కూర్చోబెట్టినవాణ్ణి అవుతాను.

"ఉంది," అన్నాను చివరికి. "కానీ శ్రుతి మార్చకుండా వాయించాలి."

"ఎవరి శ్రుతి నాయనా?"

చెప్పాను. ఆమె లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, గలీబు తీసింది. మొదటి తీగ మీటింది. వర్ణనలు నాకు పడవు కనుక, నులకమంచం కుంగినట్టు ఉందని మాత్రం చెబుతాను. రెండోది ఇంకా అధ్వానం. మూడోది ఎప్పుడు తెగిందో, చుట్టుకుపోయి ఉంది. ఏడాదిగా నేను కాపలా కాసింది దీనికి.

ప్లీడరు గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నా కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆమె మాత్రం నవ్వలేదు. తన పెట్టెలోంచి కొత్త తీగ తీస్తూ, "ముట్టుకోకుండా ఉంచితే నిలుస్తుందా నాయనా? నేను పొద్దున చేసుకున్నది సాయంత్రానికే ఉండదు," అంది. తర్వాత మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, "బాగా చూసుకున్న వీణ," అంది. అది నా గురించి కాదని నాకు తెలుసు.

సాయంత్రం పరిచయం చేయాల్సింది నేనే. వారం ముందే రాసుకుని, విశేషణాలు కొట్టేస్తూ వచ్చాను. చివరకు "ఈమె వీణ వాయిస్తారు" అన్న ముక్క మిగిలింది. అదే చెప్పాను. ఇంకా ఏదో వస్తుందని జనం చూస్తున్నారు. "ఈ వీణ నా భార్యది," అని కూర్చున్నాను. వైణికురాలు ఏ రాగాలు వాయించిందో నాకు తెలియదు. ప్లీడరును అడిగి ఉండవచ్చు, అడగలేదు.

మరునాడు బయలుదేరేముందు, తీగలు బిగించే బిరడాలు ఎట్లా తిప్పాలో నాకు చూపించింది. ఆమె వీణకు టికెట్టు కొని లోపలే కూర్చోబెట్టాను. అదే కండక్టరు. ఈసారి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

అప్పటి నుంచి పొద్దున్నే గలీబు తీసి శ్రుతి చేస్తాను. కుదిరినరోజు కుదురుతుంది, లేనిరోజు తీగ తెగుతుంది. పాట ఒక్కటీ రాదు. పక్కింటి పెద్దాయన కొన్నాళ్లు విని, ఒకరోజు గోడ మీదుగా తల పెట్టాడు.

"ఏమప్పా, రోజూ మొదలుపెడతాండావు. పాట ఎప్పుడప్పా?"

"రేపు," అని గలీబు తొడిగాను.